కంటికి వెలుగు, మొక్కకు వెలుగు



ఇంట్లో గాజు తొట్టి పెట్టుకుని చేపలు పెంచడం మన ఊళ్లలో కొత్త సంగతేమీ కాదు. కోలారులో, బంగారుపేటలో, కె.జి.ఎఫ్. రాబర్ట్‌సన్‌పేటలో, సరిహద్దు దాటితే కుప్పంలో, పలమనేరులో ఎంతోమంది ఇళ్లలో చేపల తొట్టి ఉంటుంది. అయితే ఇప్పటి పిల్లల్లో కొందరు చేపలతో తృప్తి పడటం లేదు. తొట్టి అడుగంతా పచ్చటి తివాచీ పరిచినట్టు బెత్తెడు ఎత్తు కూడా లేని మొక్కలు పెంచాలని ముచ్చటపడుతున్నారు. మొక్కలు తెస్తారు, వేళ్లు ఇసుకలో గుచ్చి నాటుతారు, పైన లైటు వేస్తారు. నెల తిరిగేసరికి ఆ మొక్కలు నేలమీద పాకడం మాని, సన్నగా పొడుగ్గా పైకి లేస్తాయి. ఆకులు పసుపుబారతాయి. ఆ తర్వాత కుళ్లి నీటిమీద తేలుతాయి. గాజు గోడలకు మాత్రం పాచి దండిగా పడుతుంది. "లైటు బాగానే వెలుగుతోంది కదా, మరి మొక్క ఎందుకు చచ్చింది?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు జవాబు దుకాణంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. మనిషి దీపాలన్నీ తన కంటికోసం తయారుచేసుకున్నాడు. వెలుగును కొలిచే కొలతలు కూడా కంటినిబట్టే పెట్టుకున్నాడు. మొక్కకు కళ్లు లేవు. దానికి వెలుగు ఆహారం. కంటికి చాలిన వెలుగు మొక్కకు చాలకపోవచ్చు. మొక్కకు చాలిన దానికన్నా ఎక్కువైతే పాచికి విందవుతుంది. ఈ తేడా మనిషికి ఎలా తెలిసివచ్చిందో చెప్పుకోవడానికి మన జిల్లాకంటే మంచి చోటు లేదు. ఎందుకంటే కరెంటు దీపం చరిత్రలో కోలారు బంగారు గనులది పెద్ద పేరు.

ముందుగా ఆ కథ. 1875లో మైకేల్ లావెల్ అనే ఆయన మైసూరు సంస్థానం నుంచి ఇక్కడ బంగారం వెతకడానికి అనుమతి తెచ్చుకున్నాడు. 1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు వచ్చాక గనులు లోతుకు దిగాయి. లోతుకు దిగేకొద్దీ నీళ్లు తోడాలి, గాలి పంపాలి, రాయి పైకి లాగాలి, లాగిన రాయి పిండి చెయ్యాలి. అందుకు ఆవిరి యంత్రాలుండేవి. వాటికి బొగ్గు, కట్టెలు దూరాలనుంచి రావాలి. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి కావేరి నదిమీద శివసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, అక్కడినుంచి తీగలమీద కె.జి.ఎఫ్.కు తెచ్చే ఏర్పాటు జరిగింది. దివాన్ కె. శేషాద్రి అయ్యర్ దీన్ని పట్టుదలగా నడిపించారు. ఇంజనీరు డి లాట్బినియర్ పథకం సిద్ధం చేశారు. కరెంటు యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. 1902 జూన్ 30న, 92 మైళ్ల దూరంనుంచి ఆ కరెంటు మన గనులకు చేరింది. అది ఆనాటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్తు లైన్లలో ఒకటి. శేషాద్రి అయ్యర్ ఆ రోజు చూడలేకపోయారు. 1901 సెప్టెంబరులోనే కన్నుమూశారు. బెంగళూరు నగరంలో వీధి దీపం వెలిగింది 1905 ఆగస్టులో. అంటే రాజధానికన్నా మూడేళ్లు ముందే మన గనుల్లో కరెంటు నడిచింది.

ఈ సంగతి మన బడి పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాం. అయితే ఒకటి గమనించండి. ఆ కరెంటు ముందుగా వచ్చింది వెలుగుకోసం కాదు, యంత్రాలకోసం. గనిలోపల రాయి కొట్టే మనిషికి తన చేతిముందు కాస్త వెలుగుంటే చాలనుకున్నారు. ఇంగ్లండులోని కార్నువాల్ సీమలో గనిపనివాళ్లు టోపీమీద మట్టిముద్ద పెట్టి దానికి కొవ్వొత్తి గుచ్చుకునేవారు. మన గనులకు వచ్చిన దొరల్లో, మేస్త్రీల్లో ఆ సీమవాళ్లు చాలామంది ఉన్నారు. కొవ్వొత్తి తర్వాత గనుల లోకంలోకి కార్బైడు దీపం వచ్చింది. కార్బైడు ముక్కలమీద నీటిచుక్క పడితే గ్యాసు పుడుతుంది, ఆ గ్యాసు తెల్లగా వెలుగుతుంది. ఆ తర్వాత నడుముకు బ్యాటరీ, టోపీకి బల్బు వచ్చాయి. ఏ దీపమైనా పని ఒకటే: మనిషి కంటికి దారి చూపించడం.

ఇక్కడే కొలత సంగతి వస్తుంది. దీపం ఎంత వెలుగిస్తుందో ఎలా చెప్పాలి? 1860లో ఇంగ్లండులో చట్టం చేసి ఒక కొవ్వొత్తినే కొలతగా పెట్టారు. తిమింగలం తలలో దొరికే మైనంతో చేసిన కొవ్వొత్తి, ఆరు తూగితే ఒక పౌను బరువు, గంటకు 120 గ్రెయిన్ల మైనం కాలాలి. దాని వెలుగు ఒక క్యాండిల్ పవర్. మన పెద్దవాళ్లు బల్బును "నలభై క్యాండిల్ బల్బు" అనేవారు, గుర్తుందా? ఆ మాట అక్కడిదే. 1924లో అంతర్జాతీయ సంఘం ఒకటి కూర్చుని, మనిషి కన్ను ఏ రంగు వెలుగును ఎంత గట్టిగా పట్టుకుంటుందో లెక్క గీసింది. ఆకుపచ్చ పసుపులో కలిసే చోట మన కన్ను చాలా చురుకు. ముదురు ఎరుపు దగ్గర, ముదురు నీలం దగ్గర మందం. నేటికీ బల్బు డబ్బామీద వేసే ల్యూమెన్ అనే అంకె ఈ కంటి లెక్కమీదే నడుస్తోంది. కాబట్టి ఆ డబ్బామీద ఉన్నది మీ కంటికి రాసిన చీటీ. మొక్కకు రాసింది కాదు.

మరి మొక్క లెక్క ఎవరు తీశారు? దానికి నీటిమొక్కే సాయపడింది. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే వైద్యుడు ఆకులను నీటిలో ముంచి ఎండలో పెట్టి చూశాడు. ఎండ తగిలినప్పుడు ఆకుమీద బుడగలు లేచాయి. నీడలోకి మార్చితే ఆగిపోయాయి. ఆ బుడగల్లో ఉన్నది ప్రాణవాయువు. మొక్కకు వెలుగు అవసరమని, అది ఆకుపచ్చ భాగంలోనే పనిచేస్తుందని ఆయన రుజువు చేశాడు. చీకట్లో మొక్క కూడా మనలాగే ప్రాణవాయువు వాడుకుంటుందని కూడా చెప్పాడు. 1882లో ఎంగెల్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇంకో అడుగు వేశాడు. దారంలాంటి పాచి పోగుమీద ఏడురంగుల వెలుగు పడేలా చేసి, ప్రాణవాయువుకోసం పరుగెత్తే సూక్ష్మజీవులను ఆ నీటిలో వదిలాడు. అవి ఎక్కువగా ఎరుపు దగ్గర, నీలం దగ్గర గుంపుకట్టాయి. మన కన్ను మందంగా ఉండే చోటే మొక్క చురుగ్గా ఉందన్నమాట.

అయితే ఆకుపచ్చ వెలుగు మొక్కకు అసలు పనికిరాదని చాలామంది అంటారు. అదీ నిజం కాదు. 1972లో అమెరికాలో మెక్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకులమీద ఒక్కొక్క రంగు వెలుగు వేసి కొలిచాడు. ఎరుపు, నారింజ బాగా పనిచేశాయి. నీలం పనిచేసింది. ఆకుపచ్చ కూడా తక్కువైనా పనిచేసింది. ఆ పరిశోధనల మీద ఆధారపడే నేడు మొక్కల వెలుగును కొలుస్తున్నారు. ఒక చదరపు మీటరు చోట సెకనుకు ఎన్ని వెలుగు రేణువులు పడుతున్నాయని లెక్క. మన వడ్ల గింజల్లాగా వాటిని లెక్కపెడతారు. అవి కోట్లకు కోట్లు కాబట్టి మైక్రోమోల్ అనే పెద్ద కుంచం పెట్టుకున్నారు. దుకాణంలో దీన్ని పార్ అంటారు. మిట్టమధ్యాహ్నం మన పొలంలో నిండు ఎండ దాదాపు 2,000 మైక్రోమోళ్లు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

గాజు తొట్టి చరిత్ర కూడా దాదాపు ఈ కాలంలోనే మొదలైంది. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటిమొక్క, కొన్ని నత్తలు పెట్టి, నీళ్లు మార్చకుండా నెలల తరబడి ఎలా నడిపాడో రాసి ప్రకటించాడు. మొక్క చేపకు ప్రాణవాయువు ఇస్తుంది, చేప విసర్జించేది మొక్కకు ఎరువవుతుంది, కుళ్లిన ఆకును నత్త తింటుంది. 1853లో లండన్ జంతుశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట జనంలోకి వచ్చింది. మన దక్షిణ దేశానికి వస్తే మద్రాసు సముద్రతీరంలో 1909లో అక్వేరియం తెరిచారు.

ఆ మొదటి తొట్లకు వెలుగు కిటికీనుంచి వచ్చేది. కిటికీ దగ్గర తొట్టి పెట్టగానే వాళ్లకూ మనకు వచ్చిన కష్టమే వచ్చింది. నీళ్లు ఆకుపచ్చగా మారాయి, గాజుకు పాచి పట్టింది. పక్కలనుంచి పడే ఎండే దీనికి కారణమని గ్రహించి, పక్క గోడలను మూసి వెలుగు పైనుంచే పడేలా తొట్లు కట్టుకున్నారు. చెరువులో మొక్కకు వెలుగు ఎటునుంచి వస్తుంది? ఆకాశంనుంచే కదా. ఆ కిటుకు అదే.

తర్వాత తీగ బల్బు వచ్చింది. అందులో కరెంటు అధిక భాగం వేడిగానే పోతుంది. పది పన్నెండు అంగుళాల దూరంలో నీళ్లు కాగుతాయే తప్ప అడుగు మొక్కకు ఒరిగేది కొంచెమే. 1938లో అమెరికాలో ట్యూబులైటు అమ్మకానికి వచ్చాక, అంతే కరెంటుతో ఎక్కువ వెలుగు, తక్కువ వేడి సాధ్యమైంది. అప్పటినుంచే ఇంట్లో నీటిమొక్కలు పెంచడం ఊపందుకుంది. ఆ తర్వాత మొక్కలకోసమే ఎరుపు, నీలం ఎక్కువగా ఉండే ట్యూబులు కూడా చేశారు. అయినా తొట్టి వెనకవైపు నిలువుగా పెరిగే మొక్కలు బతికేవి గాని, అడుగున తివాచీ పరవడం అరుదుగానే జరిగేది.

ఆ తివాచీని లోకానికి చూపించినవాడు జపాన్‌కు చెందిన తకాషి అమానో. ఆయన ఫోటోగ్రాఫరు. 1982లో తన కంపెనీ పెట్టి, తొట్టిలో పచ్చిక బయళ్లు, కొండలు, అడవులు కట్టి ఫోటోలు తీశాడు. 1990లలో ఆయన పుస్తకాలు ప్రపంచమంతా తిరిగాయి. న్యూజీలాండ్, ఆస్ట్రేలియా ప్రాంతాల గ్లాసోస్టిగ్మా అనే చిన్న మొక్కను ఆయన నేలంతా పరిపించాడు. దానికి బలమైన దీపం వేశాడు, నీటిలోకి బొగ్గుపులుసు గాలి వదిలాడు, నేలలో ఎరువు పెట్టాడు. ఈ మూడూ కలిస్తేనే తివాచీ. 2015లో ఆయన పోయారు. ఆయన చూపిన దారిలో ఇవాళ మన ఊరి పిల్లలు నడుస్తున్నారు. కాని మూడింటిలో ఒక్క దీపాన్నే పట్టుకుంటున్నారు.

తివాచీ మొక్కకే ఇంత వెలుగు ఎందుకు? అడుగున ఉంటుంది కాబట్టి. మన గనుల కథ ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైన లోతు. 1960లలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ గనిలో వేర్వేరు లోతుల్లో పరికరాలు పెట్టి, ఆకాశంనుంచి వచ్చే విశ్వకిరణాలు రాతిని చీల్చుకుని ఎంత లోతుదాకా వస్తాయో కొలిచారు. లోతు పెరిగేకొద్దీ లెక్క తగ్గింది. చివరి లోతులో దాదాపు ఏమీ రాలేదు. ఆ నిశ్శబ్దమే వాళ్లకు పనికొచ్చి, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ మొదటిసారి పట్టిన రెండు చోట్లలో మన గని ఒకటయింది. వాళ్లు అడిగిన ప్రశ్న పైన ఎంత ఉందని కాదు, అడుగుకు ఎంత చేరిందని. తొట్టి పెట్టేవాడు అడగవలసిందీ ఇదే ప్రశ్న. తేడా ఒక్కటే. వాళ్లకు అడుగున ఏమీ రాకపోవడం కావాలి, మనకు తగినంత రావడం కావాలి.

దీపంనుంచి దూరం పెరిగేకొద్దీ వెలుగు పరుచుకుని పలచనవుతుంది. పలచబడటంలో పెద్ద పాలు ఇదే. ఆపైన నీరు కూడా కొంత మింగుతుంది. శుభ్రమైన నీరు సైతం ఎరుపును ఎక్కువగా మింగుతుంది. 40 సెంటీమీటర్ల నీటిలో ముదురు ఎరుపు ఏడో వంతుదాకా పోతుంది. నీరు బురదగా, టీ రంగులో ఉంటే ఇంకా చాలా పోతుంది. పైన మొక్కల ఆకులు ఉంటే వాటి నీడ వేరే. అడుగు మొక్కకు వెలుగు చాలకపోతే అది తన దారి వెతుక్కుంటుంది. కాడలు సాచి, వెలుగున్న వైపు లేస్తుంది. దాన్నే మనం పాడైపోయిందంటాం. అది పాడవలేదు, ఆకలితో లేచింది.

ఇక ఇప్పటి దీపం ఎల్.ఇ.డి. దానికి తెల్లటి వెలుగు రావడానికి మొదట నీలి వెలుగు కావాల్సి వచ్చింది. 1993లో జపాన్‌లో షూజీ నకమూరా బలమైన నీలి ఎల్.ఇ.డి.ని తెచ్చాడు. ఆ పనికి అకసాకి, హిరోషి అమానోలతో కలిపి ఆయనకు 2014లో నోబెల్ వచ్చింది. నీలి దీపంమీద పసుపు పూత వేస్తే మన కంటికి తెలుపవుతుంది. కరెంటు తక్కువ, వేడి తక్కువ, ధర అందుబాటు. మొక్కలకూ ఇది సరిపోతుంది. కాని చౌకగా దొరుకుతోంది కదా అని ఏదో ఒకటి తెచ్చి తగిలించడం కాక, నాలుగు సంగతులు చూసుకోండి.

మొదటిది, అడుగున పడే వెలుగు. పెంపకందారుల అనుభవంలో సుమారుగా ఇలా ఉంటుంది. మెల్లగా పాకే మొక్కలకు, అంటే శ్రీలంకకు చెందిన చిన్న క్రిప్టోకొరైన్‌కు, మార్సీలియాకు అడుగున 20 నుంచి 40 మైక్రోమోళ్లు చాలు. సన్నటి గడ్డిలా పెరిగే ఎలియోకారిస్‌కు, మాంటేకార్లో అని అమ్మే మొక్కకు 40 నుంచి 60 కావాలి. క్యూబా మొక్కకు, గ్లాసోస్టిగ్మాకు 60 దాటాలి, బొగ్గుపులుసు గాలి కూడా తప్పనిసరి. మీ మొక్క పేరు ముందు అడిగి తెలుసుకోండి, తర్వాత దీపం కొనండి. చాలామంది దీపం కొన్నాక మొక్క వెతుకుతారు.

దీన్ని కొలవడానికి పెద్ద పరికరం లేకపోయినా అంచనా వేయవచ్చు. సెల్‌ఫోనులో లక్స్ కొలిచే సదుపాయం దొరుకుతుంది. తొట్టిలో నీళ్లు పొయ్యకముందే దీపం వేసి, ఫోనును అడుగున పెట్టి అంకె చూడండి. తెల్లటి ఎల్.ఇ.డి. అయితే ఆ లక్స్‌ను 70తో భాగిస్తే మైక్రోమోళ్లు రమారమి వస్తాయి. 3,500 లక్స్ వస్తే 50 అన్నమాట. మధ్యలోనే కాదు, నాలుగు మూలల్లోనూ చూడండి. మూలల్లో సగమే ఉంటుందేమో. ఇంకొక లెక్క. బాగా వెలుతురున్న చదువుకునే గదిలో 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మన కంటికి అదెంతో వెలుగు. మొక్క లెక్కలో అది ఏడు మైక్రోమోళ్లు దాటదు. ఎందుకంటే మన కన్ను చీకటికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది. గనిలో కొవ్వొత్తి వెలుగులో మనిషి పనిచేయగలిగింది అందుకే. మొక్కకు ఆ సర్దుబాటు లేదు.

రెండోది, రంగు. డబ్బామీద 6,500 కెల్విన్ అని ఉంటే పగటి వెలుగులాంటి తెలుపు అని అర్థం. అది కూడా కంటి లెక్కే. మొక్క అందులోనూ, కాస్త పసుపుగా ఉన్న దానిలోనూ పెరుగుతుంది. కాబట్టి రంగు కన్నా పరిమాణం ముఖ్యం. ఊదారంగు దీపం వేస్తేనే మొక్క పెరుగుతుందని ఎవరైనా చెబితే తొందరపడి నమ్మకండి. ఆ వెలుగులో మొక్క బతుకుతుంది గాని, చేపలూ ఆకులూ అసలు రంగుల్లో కనిపించవు. తొట్టి చూడటానికే కదా పెట్టుకున్నాం.

మూడోది, గంటలు. కొత్త తొట్టికి రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టండి. మొక్క వేళ్లూనాక ఏడు, ఎనిమిది గంటలకు పెంచండి. దానికి మించి అక్కరలేదు. పన్నెండు గంటలు వేస్తే మొక్క రెండింతలు పెరగదు, పాచి పెరుగుతుంది. చిన్న టైమర్ స్విచ్ పెట్టుకుంటే మనం మరిచిపోయినా అది మరవదు. మన ప్రాంతంలో కరెంటు పోతుందని దిగులు వద్దు. ఒక పూట వెలుగు తప్పితే మొక్క చావదు. చీకట్లో మొక్క, చేప రెండూ ప్రాణవాయువు వాడతాయి గనుక, రాత్రిళ్లు గాలి బుడగల పంపు ఆగిపోయే ఇళ్లలో చేపలను మాత్రం తక్కువ పెట్టుకోండి.

నాలుగోది, సమతూకం. వెలుగు అంటే ఆకలి పుట్టించేది. ఆకలి పెంచి అన్నం పెట్టకపోతే ఎలా? దీపం బలం పెంచితే బొగ్గుపులుసు గాలి, ఎరువు రెండూ పెరగాలి. అవి లేనిచోట బలమైన దీపం వేస్తే మొక్క ఆగిపోతుంది, పాచి పుంజుకుంటుంది. గాలి సిలిండరు కొనే స్తోమత లేకపోతే బలహీన దీపం, మెల్లగా పాకే మొక్క ఎంచుకోవడమే తెలివి. ఆరు నెలలు పడుతుంది. పడితే పడనివ్వండి.

ఇంకో మాట. మన వరిమడుల గట్లపక్క, చెరువు తడినేలలో నాలుగు రేకుల ఆకుతో పాకే చిన్న మొక్కను మీరు చూసే ఉంటారు. అది మార్సీలియా జాతిదే. క్యూబానుంచి, న్యూజీలాండ్‌నుంచి వచ్చినదానికన్నా తక్కువ వెలుగుతో సరిపెట్టుకుంటుంది. దుకాణానికి వెళ్లేముందు చెరువు గట్టుకు వెళ్లి రండి. నాలుగు మొక్కలు తెచ్చి, బాగా కడిగి, కొన్ని రోజులు వేరే నీటిలో ఉంచి నాటండి.

చెరువు మాట వచ్చింది కాబట్టి ఇంతసేపూ తొట్టి గురించి చెప్పింది ఎందుకో కూడా చెబుతాను. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. ఆ లోతుల్లో ఇప్పుడు నీళ్లు నిండి ఉన్నాయి, వెలుగు లేదు, అక్కడ ఏ మొక్కా లేదు. పైన మన జిల్లా చెరువుల్లో వెలుగుకు కొదవ లేదు. నిండుగా పారే నది లేని సీమ గనుక పూర్వులు వేల చెరువులు, కన్నడంలో చెప్పాలంటే కెరెలు, ఒకదాని మరవ నీళ్లు ఇంకొకదానిలో పడేలా గొలుసుగా కట్టారు. 2018లో కోరమంగల చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మన చెరువులకు పంపడం మొదలైంది. ముందుగా నిండింది కోలారు తాలూకా లక్ష్మీసాగర చెరువు. ఎండిన బోరుబావుల్లో నీరు ఊరిందని రైతులు సంతోషించారు. నీటి నాణ్యతమీద అభ్యంతరాలూ వచ్చాయి, విషయం కోర్టులదాకా వెళ్లింది. అందులో ఎవరిది న్యాయమని తేల్చడం ఈ ప్రసంగం పని కాదు.

కాని తొట్టి పెట్టిన పిల్లవాడికి ఒక సంగతి ఇట్టే అర్థమవుతుంది. మురుగును రెండు దశల్లో శుద్ధి చేసినా నత్రజని, భాస్వరం పూర్తిగా పోవు. అవి ఎరువులు. ఎరువు నీటిలో ఉంది, పైన 2,000 మైక్రోమోళ్ల ఎండ ఉంది. ఇక పాచి, గుర్రపు డెక్క పెరగక ఏమవుతాయి? నీటి పైభాగం పచ్చగా కప్పుకుపోతే అడుగు చీకటవుతుంది. అడుగు మొక్క చచ్చి కుళ్లుతుంది. కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తరుగుతుంది, చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. గాజు తొట్టిలో నెలలో జరిగేదే చెరువులో ఏడాదిలో జరుగుతుంది. తొట్టిలో దీపం తీసేసి సరిచేయవచ్చు. చెరువుకు సూర్యుడి స్విచ్ మన చేతిలో లేదు. కాబట్టి అక్కడ తగ్గించగలిగింది ఎరువు ఒక్కటే. శుద్ధి ఇంకో దశ చేయాలని నిపుణులు అడిగేది ఇందుకే.

ఆఖరుగా ఒక హెచ్చరిక. తొట్టి విసుగుపుట్టినా, ఇల్లు మారినా, అందులోని మొక్కలను, చేపలను తీసుకెళ్లి చెరువులో వదలకండి. గుర్రపు డెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుంచి పువ్వు అందంగా ఉందని తోటలకోసం తెచ్చినదే. అది తోట దాటి కాలువల్లో, చెరువుల్లో పడి ఈరోజు ఎంత కూలి పెట్టి లాగినా వదలడం లేదు. అక్కరలేని మొక్కలను ఎండలో బాగా ఎండబెట్టి ఎరువు గుంటలో వెయ్యండి. చేపలను కొన్న దుకాణానికో, తొట్టి ఉన్న స్నేహితుడికో ఇవ్వండి.

మొదట మనం వేసుకున్న ప్రశ్న, లైటు వెలుగుతుండగా మొక్క ఎందుకు చచ్చిందని. అది మన కంటికి వెలిగింది, మొక్కకు వెలగలేదు. ఈసారి దీపం కొనేటప్పుడు తొట్టి ముందు నిలబడి చూడకండి. తొట్టి అడుగున మీరే ఒక చిన్న ఆకై ఉన్నారనుకుని, అక్కడినుంచి పైకి చూడండి. పిల్లలకు కూడా అలాగే చూడటం నేర్పండి. అడుగున ఉన్నదాని వైపునుంచి లెక్క వేయడం అలవాటైతే, రేపు వాళ్లు చెరువు గట్టుమీద నిలబడినప్పుడు పైన తేలే పచ్చదనం చూసి మురిసిపోరు. కింద ఏముందని అడుగుతారు.